అమ్మ ప్రార్థన దేవుడి న్యాయానికి అడ్డమా?

వందనాలు సిస్టర్.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యది పద్దెనిమిదేళ్ల తాగుడు. ఇంట్లో సామాను అమ్ముకున్నాడు, మీ పేరు చెప్పి అప్పులు తెచ్చాడు, పోయిన నెల అమ్మ మీద చెయ్యి చేసుకున్నాడు. అయినా అమ్మ రోజూ చీకటితోనే లేచి, మోకాళ్ల మీద "ప్రభువా, వాడి మీద కనికరపడు" అంటున్నారు. పక్క గదిలో పడుకొని అది వింటుంటే మీకు ఒళ్లు మండుతోంది. శిక్ష పడాల్సినవాడి మీద కనికరం అడగడమంటే దేవుడి న్యాయానికి అడ్డుపడడమే కదా అన్నారు. ఆయన ముందే తీర్పు నిర్ణయించి ఉంటే ఈ ప్రార్థన దేనికన్నారు. యిర్మీయాతో "ఈ ప్రజల కోసం ప్రార్థన చేయకు" అన్నట్టు, మానెయ్యాల్సిన రోజు ఒకటి ఉంటుందా అని కూడా అడిగారు.

వాక్యంలోకి వెళ్లేముందు ఒకటి చెప్పాలి. అమ్మను అతనికి అందే దూరంలో ఉంచకండి. అవసరమైతే వేరే ఇంటికి తీసుకెళ్లండి, మళ్లీ చెయ్యి ఎత్తితే పోలీసులకు చెప్పండి. కనికరం కోసం ప్రార్థించేవాళ్లు దెబ్బలు తింటూ కూర్చోవాలని బైబిల్లో ఎక్కడా లేదు. సౌలు ఈటె విసిరినప్పుడు దావీదు పక్కకు తప్పుకున్నాడు, ఆ రాత్రే పారిపోయాడు. ఆ తర్వాత సౌలే తన చేతికి చిక్కినప్పుడు దావీదు అతన్ని చంపకుండా వదిలేశాడు. తప్పించుకొన్నదీ, వదిలేసిందీ ఒకే మనిషి.

ఇక మీ ప్రశ్న. విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, ఆ గుంపులో ఎన్నో ఏళ్లుగా కూర్చుంటున్నాను. చాలామంది మనసులో ఉండే బొమ్మ ఒకటుంది: పైన కోపంగా ఉన్న దేవుడు, కింద ఆయన చెయ్యి పట్టుకొని ఆపుతున్న అమ్మ. ఈ బొమ్మతో చూస్తే మీ కోపం న్యాయమే. అమ్మ వదిలేస్తే న్యాయం జరిగిపోయేది కదా అనిపిస్తుంది. కానీ నిర్గమకాండం 32వ అధ్యాయం నిదానంగా చదివితే ఈ బొమ్మ నిలవదు.

అక్కడ ఏం జరిగిందో మీకు తెలుసు. కొండ మీద మోషే, కింద జనం చేసుకొని మొక్కుతున్న బంగారు దూడ. దేవుడు మోషేతో "నీవు ఐగుప్తు నుంచి రప్పించిన నీ ప్రజలు చెడిపోయారు" అంటాడు. "నీ ప్రజలు" అన్న మాట చూడండి. పిల్లవాడు వెధవ పని చేసినప్పుడు తండ్రి తల్లితో "నీ కొడుకు ఏం చేశాడో చూశావా" అంటాడే, అచ్చం అలా. దానికి మోషే "నీవు మహాబలంతో రప్పించిన నీ ప్రజల మీద నీ కోపం మండనేల" అని ఆ మాటను అక్కడికే తిప్పి పంపేస్తాడు. "నా వాళ్లు కాదు, నీ వాళ్లే." నాకు బైబిల్లో బాగా ఇష్టమైన సంభాషణల్లో ఇదొకటి.

మోషే అలా అనకముందే దేవుడన్న మాట ఒకటుంది, అది ఇంకా వింత. నన్ను వదిలెయ్యి, నా కోపాన్ని మండనియ్యి, వీళ్లను కాల్చేసి నిన్ను గొప్ప జనంగా చేస్తాను అంటాడు. ఇక్కడ ఆగి ఆలోచించండి. మోషే అప్పటికి ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోనివాడితో "వదిలెయ్యి" అనడం దేనికి? నిజంగా నాశనం చెయ్యడమే ఉద్దేశమైతే చెప్పకుండా చేసెయ్యొచ్చు. ముందుగా ఒక మనిషికి చెప్పడమే "నువ్వు మాట్లాడు" అని తలుపు తీసి పెట్టడం. సొదొమ సంగతిలోనూ అంతే. "నేను చేయబోయే కార్యం అబ్రాహాముకు దాచెదనా" అని అనుకొని మరీ చెప్పాడు.

కాబట్టి అమ్మ దేవుడికి ఎదురు నిలబడలేదు సిస్టర్. దేవుడు తెరిచిపెట్టిన చోట నిలబడ్డారు. యెహెజ్కేలు 22:30లో ఆయనే అంటాడు: బద్దలైన సందుల్లో నిలబడేవాడు ఎవడైనా ఉన్నాడా అని వెదికాను, ఒక్కడూ కనబడలేదు అని. న్యాయం జరగకుండా అడ్డుపడేవాణ్ని ఏ న్యాయాధిపతీ వెదకడు. ఈయన వెదికాడు, దొరకలేదని బాధపడ్డాడు. దుర్మార్గుడు చనిపోవడం వల్ల నాకేమైనా సంతోషమా అని అదే గ్రంథంలో అడిగినవాడు ఈయన.

మోషే ఏమని వాదించాడో కూడా చూడండి. "వాళ్లు మంచివాళ్లే, తొందరపడ్డారు" అనలేదు. "అంత పెద్ద తప్పేం కాదు" అనలేదు. వీళ్లు నీ ప్రజలు, ఐగుప్తీయులు నీ గురించి ఏమనుకుంటారు, అబ్రాహాము ఇస్సాకు ఇశ్రాయేలులకు నువ్వు ప్రమాణం చేశావు. ఈ మూడే. వాళ్ల మంచితనం గురించి ఒక్క ముక్క లేదు. కనికరం అడగడమంటే తప్పును చిన్నది చెయ్యడం కాదన్నది నాకు ఈ ఒక్క ప్రార్థన దగ్గరే అర్థమైంది.

ఇంకో సంగతి మీకోసమే చెప్తున్నాను. కొండ మీద అంత బతిమాలిన మోషే కిందికి దిగి దూడను కళ్లారా చూడగానే కోపంతో మండిపోయాడు. దేవుడిచ్చిన ఆజ్ఞల పలకలు పగలగొట్టాడు. దూడను పొడి చేసి నీళ్లలో కలిపి వాళ్లచేత తాగించాడు. ఆ రోజు మూడువేల మంది చచ్చిపోయారని రాసి ఉంది. అంత జరిగాక మర్నాడు మళ్లీ కొండెక్కి "వారి పాపాన్ని క్షమించు, లేదా నువ్వు రాసిన గ్రంథంలోనుంచి నా పేరు తుడిచెయ్యి" అన్నాడు. కోపం ఉన్నవాడికి ప్రార్థించే అర్హత లేదని మీరు అనుకుంటున్నట్టుంది. మోషే విషయంలో అది అబద్ధం. కోపం చల్లారేదాకా ఆగితే ఆ రెండో ప్రార్థన ఉండేదే కాదు.

క్షమించాడు కదా, మరి శిక్ష? అదే అధ్యాయం చివర "నేను దర్శించే దినాన వారి పాపాన్ని వారి మీదికి రప్పిస్తాను" అన్నాడు, తెగులు కూడా వచ్చింది. సంఖ్యాకాండం 14లో మోషే మళ్లీ బతిమాలితే "నీ మాటచొప్పున నేను క్షమించియున్నాను" అన్నాడు. ఆ మరుక్షణమే ఈ తరంవాళ్లు ఆ దేశాన్ని చూడరు అన్నాడు. దావీదుతో నాతాను ప్రవక్త "యెహోవా నీ పాపమును పరిహరించెను" అన్నాడు, బిడ్డ మాత్రం దక్కలేదు. ఆ బిడ్డ కోసం దావీదు ఉపవాసముండి నేల మీద పడి ఉన్నాడు. ఏడో రోజున బిడ్డ చనిపోయాడు. కనికరం దొరికిందంటే ఫలితాలన్నీ చెరిగిపోయాయని కాదు. మీ అన్నయ్య మీద దేవుడు నిజంగా కనికరపడితే, ఆ కనికరం మొదట జైలు రూపంలో రావచ్చు, పాడైపోయిన కాలేయం రూపంలో రావచ్చు, డబ్బిచ్చేవాళ్లు ఒక్కరూ మిగలని రోజు రూపంలో రావచ్చు. తప్పిపోయిన కుమారుడికి బుద్ధి వచ్చింది పందులు తినే పొట్టు కూడా ఎవరూ పెట్టనప్పుడే. కాబట్టి అమ్మ "కనికరపడు" అంటే "వాణ్ని ఇలాగే వదిలెయ్యి" అని మీరు అర్థం చేసుకోనక్కర్లేదు. ఆవిడ కూడా అలా అర్థం చేసుకోకూడదు. తల్లులు ఇక్కడే తడబడతారు. ప్రార్థన చేస్తూనే రహస్యంగా డబ్బులిస్తుంటారు.

అబ్రాహాము దగ్గరికి వస్తాను. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అడిగాడు. గమనించారా, కనికరం అడిగేవాడు న్యాయాన్ని పక్కన పెట్టమనలేదు, న్యాయం మీదే ఆధారపడి అడిగాడు. సొదొమలో ఇంతమంది నీతిమంతులు ఉంటే పట్టణాన్ని వదిలేస్తావా అని బేరమాడాడు: యాభై, నలభై అయిదు, నలభై, ముప్ఫై, ఇరవై, పది. పది దగ్గర ఆగింది అబ్రాహామే. ఒక్కసారి కూడా దేవుడు కాదనలేదు. ఇంకా తగ్గి ఉంటే ఏమయ్యేదో మనకు రాయలేదు. పదిమంది లేరు, పట్టణం కాలిపోయింది. మర్నాడు పొద్దున్నే అబ్రాహాము తను నిలబడిన చోటికే వెళ్లి చూస్తే ఆవం పొగలా పొగ లేస్తోంది. ఆయన కంటికి కనబడింది ఆ పొగ ఒక్కటే. కానీ ఆ తర్వాతి వచనం "దేవుడు అబ్రాహామును జ్ఞాపకము చేసికొని" ఆ పట్టణంలో ఉంటున్న అతని తమ్ముడి కొడుకు లోతును బయటికి పంపాడంటుంది. ఆ బేరంలో లోతు పేరు అబ్రాహాము ఒక్కసారీ ఎత్తలేదు. లోతు బతికాడని ఆయనకు ఎవరైనా చెప్పినట్టు కూడా అక్కడ రాయలేదు. అడిగింది జరగలేదు, అడగకుండా మనసులో ఉన్నది జరిగింది.

తర్వాత పెద్ద క్రైస్తవ బోధకుడైన అగస్టీను, అతని తల్లి మోనిక సంగతి కూడా ఇలాంటిదే. కొడుకు క్రీ.శ. 383లో కార్తేజీ నుంచి రోముకు ఓడ ఎక్కబోతుంటే, వద్దని ఏడ్చింది. అతను అబద్ధం చెప్పి ఆమెను ఒక ప్రార్థనాస్థలంలో ఉంచి రాత్రికి రాత్రే వెళ్లిపోయాడు. ఆమె ఆ రాత్రంతా ప్రార్థించింది వాడు వెళ్లకూడదనే. ఆ ప్రార్థన వినబడలేదు అనుకోవాలి. అయితే రోము నుంచి అతను మిలాను వెళ్లాడు, అక్కడ బిషప్ అంబ్రోసు ప్రసంగాలు విన్నాడు, 387 ఈస్టరుకు ఆయన చేతి మీదుగానే బాప్తిస్మం తీసుకున్నాడు. అదే ఏడు మోనిక చనిపోయింది. తర్వాత అగస్టీనే రాసుకున్నాడు: ఆ రాత్రి ఆమె అడిగినదాన్ని దేవుడు ఇవ్వకపోవడం, ఆమె ఎప్పుడూ అడుగుతున్నదాన్ని ఇవ్వడానికే అని. ప్రతి తల్లి కథా ఇలా ముగుస్తుందని నేను మాటివ్వను. ముగియనివి నా కళ్లముందే ఉన్నాయి.

దేవుడు ముందే నిర్ణయించేసి ఉంటే ప్రార్థన ఎందుకు, ఆయన మనసు మార్చుకుంటాడా అన్నదాని మీద సంఘాలే చీలిపోయాయి, నేను తేల్చేది కాదు. కానీ ఒకటి గమనించండి. మోషే ప్రార్థించాక దేవుడు ఆ కీడు విషయంలో "సంతాపపడెను" అని ఉంది. 1 సమూయేలు 15:29లో "ఆయన అబద్ధమాడడు, పశ్చాత్తాపపడడు" అని ఉంది. తెలుగులో రెండు మాటలు గానీ హీబ్రూలో రెండూ ఒకే క్రియ. పైగా అదే 15వ అధ్యాయంలో, సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడ్డాడని 11వ వచనంలో ఒకసారి, 35లో ఇంకోసారి ఉంది. రాసినవాడికి ఇది తెలియక కాదు. మనిషి మాట తప్పినట్టు ఆయన తప్పడు, అలాగని రాయిలా స్పందన లేకుండానూ ఉండడు అని రెండూ పక్కపక్కనే పెట్టాడు. యిర్మీయా 18లో కుమ్మరి ఇంటి దగ్గర ఆయనే సూత్రం చెప్పాడు: నేను నాశనం చేస్తానన్న జనం చెడుతనం మానితే, చేయాలనుకున్న కీడు చేయను. యోనా ప్రవక్త నీనెవె పట్టణంతో "నలభై దినాల్లో నాశనం" అన్నాడు, "ఒకవేళ మారకపోతే" అని కలపలేదు. వాళ్లు మారారు, నీనెవె నిలిచింది. తీర్పు ముందుగా వినబడటంలోనే కనికరం ఉంది. అది యోనాకు తెలుసు, అందుకే అంతగా అలిగాడు.

యెహెజ్కేలు 36 ఇంకా సూటిగా ఉంటుంది. అధ్యాయమంతా "నేను చేస్తాను, నేను చేస్తాను" అని వాగ్దానాలు. చివర్లో, ఈ విషయంలో ఇశ్రాయేలీయులు నన్ను అడగాలి అంటాడు. చేస్తానని చెప్పినదాన్ని కూడా అడిగించుకునే చేస్తాడు. ఎందుకలా అంటే, అడిగేవాళ్లను కూడా ఆ పనిలో కలుపుకోవాలని అనుకుంటాను.

ఇప్పుడు అసలు ముడి. న్యాయం సంగతేంటి? అమ్మకు తగిలిన దెబ్బ ఎటు పోతుంది? క్రైస్తవ విశ్వాసంలో దీనికి జవాబు "దేవుడు చూసీ చూడనట్టు పోతాడు" అని కాదు. మందసం, అంటే ఇశ్రాయేలీయుల పవిత్రమైన పెట్టె, గుర్తు తెచ్చుకోండి. లోపల ఆజ్ఞల పలకలు, పైన మూత. ఆ మూత పేరే కరుణాపీఠం. పలకలు తీసేసి కనికరం పెట్టలేదు. అవి లోపల అలాగే ఉన్నాయి, ఏటా ప్రాయశ్చిత్త దినాన ప్రధానయాజకుడు రక్తం తెచ్చి ఆ మూత మీద ప్రోక్షించేవాడు. రోమా 3:25లో క్రీస్తును "కరుణాధారముగా" బయలుపరిచాడు అని ఉందే, గ్రీకులో అది కరుణాపీఠానికి వాడిన మాటే. నా పేరు తుడిచెయ్యి అని మోషే అన్నాడు, ఆయన్ని తీసుకోలేదు. నా సహోదరుల కోసం నేను శాపగ్రస్తుణ్నయినా సరే అన్నట్టు పౌలు రాశాడు, అదీ కోరికగానే మిగిలింది. ఆ కోరిక నిజంగా చెల్లింది ఒక్కడి దగ్గరే. ఆ ఒక్కడు సిలువ మీద ఉండి "తండ్రీ, వీరిని క్షమించుము" అన్నాడు. అందుకే మధ్యవర్తి ఒక్కడే అంటాం. అమ్మ మధ్యవర్తి కాదు. ఆయన ఇంకా చేస్తున్న విజ్ఞాపనకు తన గొంతు కలుపుతున్నారు. మీ అన్నయ్య తిరిగితే అతని పాపం అక్కడ తీర్పు పొందినట్టే. తిరగకపోతే దాన్ని తనే మోసుకొని న్యాయాధిపతి ముందు నిలబడాలి. ఎటైనా ఆ దెబ్బ లెక్కలోకి రాకుండా పోదు.

మీరు మాత్రం కనికరం అడగలేకపోతున్నారు. అయితే న్యాయమే అడగండి. అదీ విజ్ఞాపనే. లూకా 18లో విధవరాలు అడిగింది న్యాయమే, ప్రభువు ఆమెను తప్పుపట్టలేదు. అమ్మ కోసం న్యాయం అడగడం అమ్మ కోసం ప్రార్థించడమే కదా. బలిపీఠం కింద హతసాక్షుల ఆత్మలు "ఎందాక తీర్పు తీర్చక ఉందువు" అని కేకవేస్తే వాళ్లకు తెల్లని వస్త్రాలిచ్చారు గానీ నోరు మూసుకోమనలేదు. ఆకాశం నుంచి అగ్ని దింపమంటావా అన్న యాకోబు, యోహానులను మాత్రం ప్రభువు గద్దించాడు. తేడా ఉంది. వాళ్లు తీర్పు తమ చేతుల మీదుగా జరగాలనుకున్నారు.

మా గుంపులో ఒకామె ప్రార్థన మనవి చెప్పింది: "మా ఆయన తెచ్చుకున్న మనిషి చచ్చిపోవాలి." అందరం బిగుసుకుపోయాం. నేను ఏదో సర్దిచెప్పబోయాను. గుంపు నడిపించే పెద్దావిడ నన్ను చేత్తో ఆపి, పుస్తకం తీసి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు. "దేవుడికి చెప్పింది కదా, ఇక ఆయన చూసుకుంటాడు" అన్నారు. ప్రతి వారం మనవులు చదివేటప్పుడు అదీ చదివేవారు, గొంతు మార్చకుండా. మూడు నాలుగు నెలలయ్యాక ఆమే అడ్డుపడింది. "అమ్మగారూ, ఆ మాట కొట్టేసి, ఆవిడకి బుద్ధి రావాలని రాయండి." భర్త మాత్రం తిరిగి రాలేదు. ఆ పేజీలో కొట్టేసిన గీత నేను చూశాను, పెన్ను గట్టిగా నొక్కి గీసిన గీత.

ఇక యిర్మీయా. "ఈ ప్రజల కోసం ప్రార్థన చేయకు" అన్న మాట మూడుసార్లు ఉంది, 7, 11, 14 అధ్యాయాల్లో. అది ఒక ప్రవక్తకు, ఒక జనం గురించి, బబులోను చెర అనే ఒక తీర్పు గురించి నేరుగా చెప్పిన మాట. మనకు ఆ మాట రాలేదు. అంత చెప్పినా 14వ అధ్యాయం ముగిసేలోపే యిర్మీయా మళ్లీ బతిమాలుతున్నాడు. పట్టణం పడిపోయాక మిగిలినవాళ్లు ప్రార్థించమంటే ప్రార్థించాడు, పది రోజులకు జవాబు వచ్చింది. 1 యోహాను 5:16లో "మరణకరమైన పాపము" అన్న చోట కూడా, దాని గురించి వేడుకోవాలని నేను చెప్పను అన్నాడు గానీ, ఎవరిది ఆ పాపమో పట్టిక ఇవ్వలేదు. బతికి ఉన్న మనిషి పేరు కొట్టేసే అధికారం నాకుందని నేను అనుకోను. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించడం వేరే చర్చ. కతోలికులు, ఆర్థొడాక్సులు చేస్తారు, ప్రొటెస్టంట్లం సాధారణంగా చేయం.

అమ్మ విసిగి ఒక రోజు మానేస్తే అది పాపమా అంటారేమో. కాదు. ఆ రోజు మీరో, మరొకరో చేస్తారు. "కొడుకు మారలేదంటే నీ ప్రార్థనలో లోపముంది" అని ఆవిడతో ఎవరైనా అంటే, వాళ్లను మళ్లీ ఇంటికి రానివ్వకండి. అలాంటివాళ్లను చాలామందిని చూశాను, కొందరు వేదికల మీదే ఉంటారు.

రేపు పొద్దున ఒక పని చెయ్యండి. పక్క గదిలోనుంచి వినకుండా, వెళ్లి అమ్మ పక్కన కూర్చోండి. మీరు నోరు తెరవనక్కర్లేదు. ఆవిడ ఏమేం అడుగుతున్నారో మొత్తం వినండి. గోడ ఇవతలికి మీకు వినబడేది "వాడి మీద కనికరపడు" ఒక్కటే. మీ పేరు కూడా అందులో ఉందేమో, ఏ మాటలతో ఉందో విని, వీలైతే నాకు రాయండి.